పదిహేడో నంబరు ఫ్లాస్కు

మొన్న ఒక కాలేజీలో పిల్లలకు నన్ను పరిచయం చేస్తూ అక్కడి లెక్చరరు గారు, "వీరు పెద్ద పెద్ద సైంటిస్టులకు సాయంగా పనిచేశారు" అన్నారు. నేను వేదిక మీదే లేచి సరిదిద్దాను. సాయం వేరు, పని వేరు. కణాలను పెంచింది నేను. వాటిని చూసి వ్యాసాలు రాసింది వాళ్ళు. లెక్చరరు గారు ముఖం మాడ్చుకున్నారు. శాలువా కప్పేటప్పుడు నా వైపు చూడనైనా లేదు. ఇంటికొచ్చి అది కూడా డైరీలో రాసుకున్నాను.

నన్ను ఎవరు ఎప్పుడు ఏమన్నారో నా డైరీల్లో ఉంటుంది. మా ఇంట్లోవాళ్ళు దీన్ని జబ్బు అంటారు. ల్యాబులో చేరబోయే మీకు మాత్రం నా మొదటి సలహా ఇదే. రాసుకోండి. గుర్తుంటుందిలే అనుకోకండి. నేను ఇక్కడ చెప్పబోయే సంగతిలో నిజం బయటపడింది నా డైరీ వల్లే. తప్పు చేసిన చెయ్యి నాదేనని తేలింది కూడా దానివల్లే.

జీతాలు, ప్రమోషన్ల సంగతి రాయను. రాస్తే అదంతా ఫిర్యాదే అవుతుంది.

చేసిన పని

తొంభైల మధ్యలో అమలాపురంలో ఒక మేడ పై అంతస్తు అద్దెకు తీసుకుని, బయటి ఊరి సంస్థ ఒకటి చిన్న పరిశోధన కేంద్రం పెట్టింది. కొబ్బరి దింపు చేసేవాళ్ళ మోకాళ్ళు అంత త్వరగా ఎందుకు పాడవుతున్నాయి అన్నది అక్కడి ప్రశ్న. కాళ్ళకు తాడు కట్టుకుని పొద్దున్నుంచి చెట్టు తరవాత చెట్టు ఎక్కి దిగే మనిషికి నడివయసు రాకుండానే గొంతుక్కూర్చోవడం కష్టమయ్యేది. మోకాలికి ఆపరేషన్ జరిగినప్పుడు సర్జను గారు ఎలాగూ తీసి పారేసే పొర ఒకటి ఉంటుంది. కీలు లోపలి వైపు అంటుకుని ఉండే పలచటి పొర. రోగి ఒప్పుకుంటే ఆ ముక్క మాకు ఇచ్చేవారు.

నేను కొత్తపేట నుంచి రోజూ బస్సులో వచ్చేదాన్ని. వచ్చిన ముక్కను సన్నగా కోసి, కణాలను విడదీసి, గులాబీరంగు ద్రవంలో వేసి ఫ్లాస్కులో పెంచడం నా పని. ఫ్లాస్కు అంటే అరచేతిలో పట్టే చదునైన ప్లాస్టిక్ సీసా. మనిషి ఒంటి వేడి ఎంతో అంత వేడి ఉండే ఇంక్యుబేటరు అనే పెట్టెలో వాటిని ఉంచుతాం. కణాలు అడుగున అంటుకుని, సన్నటి చేతులు చాపి, మెల్లగా పాకుతాయి. రెండు మూడు రోజులకోసారి ద్రవం మార్చాలి. దాన్ని మేము 'మేత మార్చడం' అనేవాళ్ళం. ఫ్లాస్కు నిండిపోతే కణాలను ఊడదీసి రెండు ఫ్లాస్కుల్లోకి పంచాలి. దానికి 'వేరు పెట్టడం' అని పేరు పెట్టింది నేను. మా అధికారి డాక్టర్ పరాంకుశం గారు ఒక సెమినార్లో ఆ మాట తన సొంత మాటలా వాడి అందరినీ నవ్వించారు. నేను వెనక వరసలో కూర్చుని ఉన్నాను.

పరాంకుశం గారు తెలివైన మనిషి. అది కాదనను. పుస్తకంలో ఉన్నదంతా ఆయన తలలో ఉండేది. చెయ్యి మాత్రం ఫ్లాస్కు మూత తీయడానికి కూడా పనికొచ్చేది కాదు.

ఈ పనిలో పుస్తకాలు చెప్పని సంగతి ఒకటుంది. ముక్క ఇచ్చిన మనిషి కట్టు కట్టించుకుని ఊరెళ్ళి, అన్నం తిని పడుకుని ఉంటాడు. అదే సమయంలో ఆయనలో కొంత భాగం మీ గదిలో ఆకలితో ఉంటుంది. పొద్దున్నే తాళం తీసినప్పుడు, ఖాళీ గదిలోకి వచ్చానన్న భావన నాకు పన్నెండేళ్ళలో ఒక్కసారి కూడా కలగలేదు.

కింద వాటాలో ఉండే ఇంటావిడ పైకి ఎప్పుడూ వచ్చేది కాదు. శుక్రవారం శుక్రవారం మెట్ల మీద పసుపు నీళ్ళు చల్లేది.

"మీరు వెళ్ళిపోయేక పైన ఎవరో ఉన్నట్టే ఉంటాదండి" అంది ఒకసారి.

"ఎవరూ ఉండరండి. తాళం వేసే కదా వెళ్తాను."

"ఎవరూ లేకపోతే ఆదివారం పూట కూడా బస్సెక్కొచ్చి మేత ఎవరికి మారుస్తున్నారండీ?"

ఆ ఆదివారం కూడా బస్సెక్కి వచ్చాను.

మర్యాదకు అన్న మాట

వీర్రాజు గారిది ఐ.పోలవరం దగ్గర పల్లె. దింపు పనిలో పేరున్న మనిషి. కుడి మోకాలు బిగుసుకుపోయి ఆపరేషన్‌కి వచ్చారు. అంగీకార పత్రం చదివి వినిపించి సంతకం తీసుకునే బాధ్యత నాది. ఆయన మంచం మీద, ఆయన భార్య మంగాయమ్మ గారు కింద చాప మీద కూర్చుని విన్నారు.

"అయితే నా మోకాలి ముక్క మీ మేడమీద కాపరం పెడతాదన్నమాట" అన్నారు వీర్రాజు గారు. "అద్దె ఎవరు కడతారండీ?"

"మా సంస్థే కడుతుందండి."

"చూసేవా మంగా? నాకంటే నా మోకాలే నయం."

"ఆ ముక్క ఎక్కడ పెడితే అక్కడే ఉంటాదండి, మీకేం బెంగ లేదు" అంది ఆవిడ నాతో. "ఈయనా అంతేనండి. చెట్టు దిగి అరుగు మీద కూర్చున్నాడంటే పక్కకి జరగమన్నా జరగడు. మనిషి వచ్చి మీద కూర్చున్నా ఊరుకుంటాడు."

ముగ్గురం నవ్వాం. తరవాత ఆయన ఏదో అడిగారు. నేను అప్పుడు ఆపరేషన్ వివరాలు నింపుతున్నాను. తల వంచే ఉంది. చెవికి మాటలు తాకాయి కానీ మనసు అక్కడ లేదు.

"నేను పోయినా కూడా అది ఇక్కడే బతికుంటాదాండీ?"

"ఆయ్" అన్నాను.

బయటి ప్రాంతం వాళ్ళకు ఇది చెప్పాలి. మా వైపు 'ఆయ్' అంటే అవునని కాదు. వింటున్నానండి, మీ మాట కాదనడం లేదండి అని. రోజుకు వందసార్లు అంటాం, ఫోనులో అంటాం, బస్సు కండక్టరుతో అంటాం. కానీ కాగితాలు చేతిలో పట్టుకున్న మనిషి మంచం మీదున్న రోగితో ఆ మాట అంటే అది హామీ అవుతుంది. ఆ తేడా నాకు ఆ రోజు తట్టలేదు. వీర్రాజు గారు తృప్తిగా తల ఊపి వేలిముద్ర వేశారు. మా పుస్తకంలో ఆయన నంబరు పదిహేడు.

ఆగని ఫ్లాస్కు

ఒంట్లోంచి తీసిన మామూలు కణాలకు ఒక గడువు ఉంటుంది. పది పన్నెండు సార్లు వేరు పెట్టేసరికి ముసలివైపోతాయి. పెద్దగా, పలచగా పరుచుకుని, ద్రవం తాగుతూ ఊరికే ఉంటాయి. పెరగవు. తరవాత ఒక్కొక్కటీ ఊడి పైకి తేలతాయి. ప్రతి ఫ్లాస్కూ ఇలాగే ముగిసేది. పుస్తకంలో తేదీ వేసి, ఆ నంబరు కింద గీత గీసేదాన్ని.

పదిహేడు కూడా ఎనిమిదోసారి వేరు పెట్టాక మందగించింది. గీత గీయాల్సిన రోజు దగ్గర పడిందనుకున్నాను. ఒక సోమవారం వచ్చి చూస్తే గులాబీరంగు ద్రవం పసుపుపచ్చగా ఉంది. కణాలు బాగా తిని పెరిగితే ద్రవం పులిసి రంగు మారుతుంది. ముసలి కణాలు అలా చేయవు. మైక్రోస్కోపు కింద పెట్టాను. అడుగంతా నిండిపోయి ఉంది. చేతులు చాపిన పొడుగాటి కణాలు ఎక్కడో ఒకటి రెండు. మిగతావన్నీ చిన్నవి, కోణాలుగా ఉన్నవి, ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నవి.

అప్పటి నుంచి అది ఆగలేదు. పన్నెండు దాటింది, ఇరవై దాటింది. ఎన్ని ఫ్లాస్కుల్లోకి పంచినా, తెల్లారేసరికి అన్నీ పసుపుపచ్చగా ఉండేవి. మిగతా నంబర్ల మధ్య ఆ ఫ్లాస్కులు మాత్రం దీపాల్లా కనిపించేవి. ఇంక్యుబేటరు తలుపు తీసే ముందు చెయ్యి ఒక క్షణం ఆగిపోయేది.

పరాంకుశం గారికి పట్టరాని సంతోషం.

"చెట్టెక్కే మనిషి కణాలమ్మా సుభద్రా, వీటికి అలుపు తెలియదు."

"ఆకారం మారిందండి. ఇవి మోకాలి పొర కణాల్లా లేవండి."

"నువ్వు ముందు కళ్ళు పరీక్ష చేయించుకో."

చేయించుకున్నాను. ఆ సాయంత్రమే కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళి, చూపులో దోషం లేదని చీటీ రాయించుకుని, మర్నాడు ఆయన బల్ల మీద పెట్టాను. ఆయన దాని మీద టీ కప్పు పెట్టుకున్నారు. ఆ చీటీ గుండ్రటి మరకతో సహా ఇప్పటికీ నా దగ్గర ఉంది.

ఆ రోజుల్లోనే, ఆపరేషన్ అయినవాళ్ళ మోకాళ్ళు ఎలా ఉన్నాయో కనుక్కోవడానికి ఊళ్ళకు కార్డులు రాశాం. వీర్రాజు గారి కార్డు తిరిగి వచ్చింది. చిరునామా మీద ఎర్ర సిరాతో 'మరణించినారు' అని ఉంది. గుండెపోటట. కార్డు చేతిలో పట్టుకునే ఇంక్యుబేటరు తెరిచాను. ఆయన పేరుతో ఉన్న నాలుగు ఫ్లాస్కులూ ఆ పూట వేరు పెట్టడానికి సిద్ధంగా ఉన్నాయి. పెట్టాను. ఎనిమిదయ్యాయి.

మంగాయమ్మ గారు వచ్చారు

మరో ఏడాది గడిచాక ఒక ఉదయం మెట్ల మీద ఎవరో ఆగి ఆగి ఎక్కుతున్న చప్పుడైంది. మంగాయమ్మ గారు. మనిషి సగమైంది. చేతిలో గుడ్డసంచి. చెప్పులు గుమ్మం బయటే విడిచింది.

"డాక్టరమ్మగారూ, ఆయన ఇక్కడే ఉన్నాడాండీ?"

నాకు అర్థం కాలేదు. కుర్చీ వేసి కూర్చోమన్నాను. ఆవిడ కూర్చోలేదు.

"పెద్ద దినం నాడు కాలవ గట్టున పిండం పెట్టేమండి. కాకి ముట్టలేదు. వచ్చి వాలి, చూసి, వెళ్ళిపోయిందండి. మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. ఆవుకి పెట్టేసి ఇంటికొచ్చేం. మొన్న సంవత్సరీకానికీ అంతేనండి. మా పెద్దాయనొకడు, 'ఇంకా ఏదో ఇక్కడే ఉండిపోయిందమ్మా, మనిషి పూర్తిగా వెళ్ళలేదు' అన్నాడు. అప్పుడు గుర్తొచ్చిందండి. నేను పోయినా అది బతికుంటాదా అని ఆయన అడిగితే మీరు 'ఆయ్' అన్నారు."

నేను అనలేదని చెప్పడానికి నోరు తెరిచాను. అన్నాను కదా.

"ఉన్నాడంటే ఉన్నాడనండి, ఇంటికి తీసుకెళ్ళి రోజూ ఇంత విస్తరేస్తాను. పోయేడంటే పోయేడనండి, ఏట్లో కలిపేస్తాను. ఏదో ఒకటి చెప్పండి. ఇలా సగంలో పెట్టేస్తే నేనేం చెయ్యాలండీ? ఆయన కంచం కడిగి బోర్లించాలా, తియ్యాలా తెలీట్లేదు."

ఈ మాటలకు పక్క గదిలోంచి పరాంకుశం గారు వచ్చారు. సంగతి విని, విసుగ్గా నవ్వారు.

"ముందొకటి తెలుసుకోమ్మా. ఈవిడ డాక్టరు కాదు, టెక్నీషియను. రెండోది, సీసాలో ఉన్నది కణాలు, మీ ఆయన కాదు. అవి సంస్థ ఆస్తి. బయటికి ఇవ్వడం కుదరదు."

చెప్పి వెళ్ళిపోయారు. రెండు మాటల్లో ఇద్దరినీ అవమానించగల శక్తి ఆయనకుండేది.

"ఆస్తంటన్నారేంటండీ?" అంది మంగాయమ్మ గారు మెల్లగా. "ఆయనకి ఆస్తేం లేదండి."

నియమం ప్రకారం ఆవిడను పంపేయాలి. నేను పదిహేడో నంబరు ఫ్లాస్కు తీసి మైక్రోస్కోపు కింద పెట్టి, ఎలా చూడాలో చూపించాను. ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుని, దండం పెట్టి, వంగింది. చాలాసేపు అలాగే ఉంది.

"ఈయన కాదండి" అంది.

"కణాలు చూసి మనిషిని గుర్తుపట్టలేమండి."

"మీరు పట్టలేరేమో. ఇయ్యి తోసుకుంటన్నాయండి. ఒకరి నెత్తిన ఒకరు ఎక్కేత్తన్నారు. మా ఆయన ఒకరిని తోసి ఎరగడు." తల ఎత్తి నా వైపు చూసింది. "ఇందులో ఎవరో ఉన్నారండి. ఆయన మాత్రం కాదు. ఆయన్నేం చేసేరండీ?"

రెండేళ్ళుగా నేను ల్యాబు భాషలో అంటున్నది ఆవిడ ఒక్క చూపులో అనేసింది.

క్రోమోజోములు

మనిషి కణంలో నలభై ఆరు క్రోమోజోములు ఉంటాయి. కణం రెండుగా విడిపోయే క్షణంలో దాన్ని ఆపి, గాజుపలక మీద చితక్కొట్టి, రంగు వేస్తే అవి కనిపిస్తాయి. ఆ పని పరాంకుశం గారు అడగకుండానే మొదలుపెట్టాను. మొదటి కణంలో అరవై పైన వచ్చాయి. తప్పు లెక్కపెట్టాననుకుని మళ్ళీ చూశాను. రెండోదాంట్లో కూడా అరవై పైనే. ఒక్క కణంలోనైనా నలభై ఆరు రాలేదు.

మా ల్యాబులో ఇంకో రకం కణాలు కూడా ఉండేవి. ఎక్కడో దూరదేశంలో, ఎప్పుడో, ఒక కంతిలోంచి తీసినవి. కంతి కణాలకు గడువు ఉండదు. మేత పెట్టినంత కాలం పెరుగుతూనే ఉంటాయి. కొత్తగా వచ్చిన ద్రవం బాగుందో లేదో చూడడానికి ముందు వాటికి వేసి చూసేవాళ్ళం. వాటిని 'టెస్టు కణాలు' అనేవాళ్ళం. వాటి స్లైడు, పదిహేడో నంబరు స్లైడు కలిపి హైదరాబాదులో ఇంకో ల్యాబులో పనిచేసే నా పాత క్లాసుమేటుకు పోస్టు చేశాను. క్రోమోజోముల మీద చారలు కనిపించేలా చేసి చూసే సదుపాయం తనకు ఉంది.

తన ఉత్తరం నెల తరవాత వచ్చింది. "రెండు స్లైడులూ పక్కపక్కన పెడితే ఒకే మనిషికి రెండుసార్లు ఫొటో తీసినట్టుంది. నువ్వు మగవాడి మోకాలు అన్నావు. ఇందులో మగవాడు ఎక్కడా లేడు. ఇద్దరూ ఒకే ఆడమనిషి."

ఆ ఉత్తరం నిలబడే చదివాను. అంటే రెండేళ్ళుగా నేను వీర్రాజు గారని వేరు పెట్టినవి, ఆయన పేరు రాసి దాచినవి, వేరే మనిషివి. ఆ మనిషి ఆయన సీసాలోకి వచ్చి, ఆయన తిండి తిని, ఆయనను బయటికి నెట్టి, ఆయన పేరు పెట్టుకుని కూర్చుంది.

ఎలా వచ్చింది? డైరీలు తీశాను.

ఖర్చు తగ్గించాలని పరాంకుశం గారు ఒక సర్క్యులర్ ఇచ్చి ఉన్నారు. ఒక పూటకు ఒకే ద్రవం సీసా, అన్నిటికీ దాన్నే వాడాలి. నేను వద్దన్నాను. కాగితం మీద రాసి ఇచ్చాను. వినలేదు. కనీసం వరస తప్పకూడదని నేనే ఒక నియమం పెట్టుకున్నాను. రోగుల కణాలకు ముందు, టెస్టు కణాలకు చివర. మేత పోసే గొట్టం నుంచి సీసాలోకి ఒక్క టెస్టు కణం పడినా అది ఇంకెవరికీ చేరకుండా ఉండడానికి.

పదిహేడు మందగించిన ఆ వారం డైరీలో ఇలా ఉంది. ఆ రోజు పెద్ద ఆఫీసు నుంచి అతిథులు వచ్చారు. నేను పని మధ్యలో ఉండగా పరాంకుశం గారు తలుపు తీసి, "సుభద్రా, అందరికీ కాఫీ కలుపు" అన్నారు. నా కంటే చిన్నవాళ్ళు ముగ్గురు మగవాళ్ళు ఖాళీగా నిలబడి ఉన్నారు. కలిపాను. అతిథుల్లో ఒకాయన చక్కెర తక్కువైందన్నారు. ఆ అవమానం గురించి డైరీలో పేజీన్నర ఉంది. చివర ఒకే ఒక్క వాక్యం. "తిరిగొచ్చి ముందు టెస్టు కణాలకు, తరవాత 17కు మేత మార్చాను."

పేజీన్నర కోపంలో ఆ ఒక్క వాక్యం నాకు అప్పుడు కనబడలేదు. సీసా ఒకటే అన్నది ఆయన తప్పు. కాఫీ ఆయన తప్పు. వరస తప్పింది నా చెయ్యి. మీలో కోపం ఎక్కువగా ఉన్నవాళ్ళకు చెబుతున్నాను. కోపం వస్తే రానివ్వండి. ఆ అరగంట మాత్రం ఫ్లాస్కు ముట్టుకోకండి.

ఇదంతా రాసి, నా తప్పు కూడా రాసి, ఆయనకు ఇచ్చాను. ఆయన నెలపాటు నమ్మలేదు. తరవాత ఆయన మిత్రులెవరో అదే మాట చెబితే ఒక్క రోజులో నమ్మారు. పదిహేడో నంబరు మీద పత్రికకు పంపిన వ్యాసాన్ని వెనక్కి తీసుకుంటూ 'టెక్నీషియను పొరపాటు' అని రెండు మాటలు రాశారు. కారణం అంతే. సర్క్యులర్ ప్రస్తావన లేదు. పేరు వేయలేదు, అదొక దయ అనుకున్నారు కాబోలు. పదిహేడో నంబరు ఫ్లాస్కులన్నిటిలో బ్లీచింగ్ ద్రావణం పోయించారు.

చిన్న సీసా

అయితే నాకు ఇంకో అలవాటు ఉంది. ప్రతి నంబరుకూ రెండోసారి వేరు పెట్టినప్పుడే కొన్ని కణాలను వేలెడు సీసాలో పోసి నైట్రోజన్ క్యానులో దాచేదాన్ని. క్యానులోని చలిలో కణం గడ్డకట్టి, పెరగకుండా, చావకుండా ఉండిపోతుంది. నైట్రోజన్ మాకు పశువుల ఆసుపత్రి వ్యానులో వచ్చేది. పదిహేడుకు అలాంటి సీసా ఒకటి మిగిలి ఉంది. కాఫీ రోజుకు ముందుది.

మంగాయమ్మ గారికి కార్డు రాసి పిలిపించాను. జరిగినదంతా చెప్పాను. నా తప్పుతో సహా. ఆవిడ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. క్యాను మూత తీస్తే తెల్లటి పొగ పొంగి నేల మీదికి జారింది. ఆవిడ ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఆ చలిలో ఉన్నాడాండీ ఇన్నాళ్ళూ?"

"ఉన్నారండి."

"బతికా? చచ్చా?"

"రెండూ కాదండి."

"అందుకేనండి" అంది.

సీసాను కరిగించడానికి అనుమతి కోరుతూ పరాంకుశం గారికి మూడు అర్జీలు పెట్టాను. మొదటిది, అసలు కణాలతో పోల్చి చూడాలని. రెండోది, భార్య కోరిక అని. మూడోదాంట్లో ఆ రెండూ రాసి, నకలు పెద్ద ఆఫీసుకు పంపుతున్నానని రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే అంగీకారం కిందే లెక్క అని ఆయనే ఒకప్పుడు మా సెలవుల విషయంలో సర్క్యులర్ ఇచ్చారు. పదహారో రోజున సీసా బయటికి తీశాను.

గోరువెచ్చటి నీళ్ళలో పట్టుకుంటే గడ్డ నిమిషంలో కరిగింది. ఫ్లాస్కులో పోసి, ఆ రోజుకు ముట్టుకోలేదు. మర్నాడు చూస్తే చాలావరకు చనిపోయి తేలుతున్నాయి. ఓ మూల మాత్రం కొన్ని అంటుకున్నాయి. వారానికి చేతులు చాపాయి. పొడుగాటివి, సన్నటివి, ఒకదానికొకటి దారి ఇచ్చుకుంటూ పరుచుకున్నవి. ఆయన పోయి అప్పటికి రెండేళ్ళు కావస్తోంది.

మంగాయమ్మ గారు వచ్చి మైక్రోస్కోపు మీదికి వంగింది.

"ఈయనేనండి."

నేను సైన్సు ఏమీ మాట్లాడలేదు.

"నొప్పి తెలుస్తాదాండీ?"

"తెలియదండి."

"ఆకలి?"

"అది తెలుస్తుందండి."

ఆవిడ కళ్ళు తీయకుండానే అంది. "ఇంక పెట్టకండి. పోనివ్వండి."

కణాలను వేరు పెట్టే ముందు అడుగు నుంచి ఊడదీయడానికి ఒక ఎంజైము వాడతాం. నా చేతులతో వేలసార్లు వేసి ఉంటాను. అది తగిలితే కణం చాపిన చేతులు ఒక్కొక్కటే వెనక్కి తీసుకుని, గుండ్రటి చుక్కలా మారి, పట్టు వదిలేస్తుంది. ద్రవం తీసేసి ఆ ఎంజైము వేసి, ఫ్లాస్కును ఆవిడ కంటి కింద పెట్టాను. ఈసారి తిరిగి మేత వేయబోవడం లేదు. తేడా అంతే.

"చేతులు ముడుచుకుంటన్నాడండి" అంది. కాసేపటికి, "చెట్టు దిగినట్టే దిగుతున్నాడు. తొందర్లేకుండా." ఇంకా కాసేపటికి, "వదిలేసేడండి."

ఆ నీళ్ళను మూత ఉన్న చిన్న గొట్టంలో పోసి ఇచ్చాను. సంస్థ ఆస్తి బయటికి పోయినట్టు నా పుస్తకంలో సంతకంతో రాశాను. ఎవరూ దాన్ని చదవలేదు. ఆవిడ గొట్టాన్ని పైటకొంగులో ముడివేసుకుని, కళ్ళు తుడుచుకుని, చెప్పులు వేసుకుంది. రెండు మెట్లు దిగి ఆగింది.

"అమ్మగారూ, మరి ఆవిడెవరండీ?"

"ఎవరండీ?"

"ఆయన సీసాలోకొచ్చినావిడ. ఆడమనిషన్నారు కదా."

"తెలియదండి. ఎక్కడో దూరదేశం మనిషి. ఆవిడ కంతిలోంచి తీశారు. ఆవిడ పోయి చాలా ఏళ్ళయి ఉంటుంది."

"ఆవిడ కోసం ఎవరూ రాలేదాండీ?"

నన్ను ఎవరైనా ఏదైనా అంటే జవాబు చెప్పకుండా వదిలిన మనిషిని కాను. ఆ రోజు వదిలేశాను. మంగాయమ్మ గారు నా ముఖం చూసి, తల ఊపి, గోడ పట్టుకుని మెల్లగా దిగి వెళ్ళింది.

లోపలికి వచ్చి ఇంక్యుబేటరు తెరిచాను. పదిహేడో నంబరు ఉండే చోటు ఖాళీగా ఉంది. టెస్టు కణాల ఫ్లాస్కు వెనక వరసలో ఉంది. పసుపుపచ్చగా. పొద్దున నేను చూసినప్పుడు గులాబీరంగులోనే ఉంది. ఫ్లాస్కు మీద సంకేతాక్షరాలు, తేదీ, నా చేతిరాత. మనిషి పేరు ఉండాల్సిన చోట ఏమీ లేదు. అంతకు ముందు ఎప్పుడూ నేను ఆ ఖాళీని గమనించలేదు.

మేత మార్చాను. వేరు పెట్టాను.

రిటైరయ్యే దాకా ఆ ఫ్లాస్కు తీసే ప్రతిసారీ ఇంక్యుబేటరు తలుపు మీద వేలితో ఒకసారి తట్టి తీసేదాన్ని. కొత్తగా చేరినవాళ్ళు నవ్వేవారు. ఎవరెవరు నవ్వారో రాసి ఉంచాను. నేను వచ్చేశాక ఆవిడకు మేత ఎవరు మారుస్తున్నారో తెలియదు. ఈసారి అది మీరే కావచ్చు.